రెండు డిజైన్ల జీవితకాల అంచనాలు ఒకదానిమీద ఒకటి పడుతుంటే ఏది ఎంచుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందు చెబుతాను. ఆఫీసు భవనానికి రెండు డిజైన్లు ఉన్నాయి. ఒకటి కట్టేటప్పుడు చవక, నడిపేటప్పుడు ఖరీదు. రెండోది దీనికి తలకిందులు. రెండింటికీ దశాబ్దాల ఖర్చు, కార్బన్ ఉద్గారాలు లెక్క కట్టారు. కరెంటు ధర, యంత్రాల ఆయుష్షు, సిమెంటు వెనకున్న ఉద్గారాలు ఏవీ ఖాయంగా తెలియవు కాబట్టి అన్నింటికీ అటూ ఇటూ 30 శాతం పెట్టి చూశారు. తీరా చూస్తే రెండు డిజైన్ల అంచనాలూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. మీ సీనియరేమో "ఇంత అనిశ్చితిలో ఈ లెక్కకి విలువ లేదు, మొదటి ఖర్చు తక్కువున్నది తీసుకుందాం" అన్నారు. యజమాని మాత్రం ఒకే ఒక్క అంకె చెప్పమంటున్నారు.

ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మీ సీనియర్ మాటతో నేను ఏకీభవించలేను. మొదటి ఖర్చు చూసి తేల్చేస్తే, ఆ తర్వాత వచ్చే ఖర్చంతా సున్నా అని లెక్క వేసినట్టే. మీ దగ్గరున్న అంచనాలన్నింటిలోనూ తప్పని ముందే తెలిసినది అదొక్కటే. అలాగని యజమాని అడిగే ఒక్క అంకె కూడా ఇవ్వకండి. ఈ లెక్కని అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: రెండు డిజైన్ల మధ్య తేడా ఎంత, ఆ తేడాని అటుదిటు చేయగల సంగతులు ఏవి? మొత్తం ఎంతన్నది తెలియకపోయినా తేడా బాగానే తెలుస్తుంది. చాలామంది చిక్కుకునేది ఇక్కడే కాబట్టి దీన్నే కాస్త వివరంగా చూద్దాం.

మీ అంకెలు నా దగ్గర లేవు, గుండ్రటి అంకెలతో చెబుతాను. చల్లదనం ఇచ్చే యంత్రాలు రెండు రకాలు అనుకోండి. మొదటిది 100 యూనిట్లకి వస్తుంది, ఏడాదికి 10 యూనిట్ల కరెంటు తింటుంది. రెండోది 118 యూనిట్లు, కరెంటు ఏడాదికి 8. రెండూ 20 ఏళ్లు నడుస్తాయని, భవనాన్ని 40 ఏళ్లు చూస్తామని, ద్రవ్యోల్బణం తీసేశాక డిస్కౌంట్ రేటు (రేపటి ఖర్చుని నేటి విలువకి మార్చేటప్పుడు ఏడాదికింత అని తగ్గించే శాతం) 4 అని పెట్టుకుందాం. 20వ ఏట ఒకసారి మార్చే ఖర్చు కలుపుకుంటే మొదటి యంత్రం నేటి విలువ 343.6, రెండోదానిది 330.2. రెండోది 13 యూనిట్లు చవక.

ఇప్పుడు కరెంటు ధరని 30 శాతం అటూ ఇటూ జరపండి. మొదటి యంత్రం 284 నుంచి 403 దాకా పోతుంది. రెండోది 283 నుంచి 378 దాకా. కాగితం మీద రెండు పట్టీలు గీస్తే దాదాపు మొత్తం ఒకదానిమీద ఒకటి పడతాయి. మీ సీనియర్ చూసిన బొమ్మ ఇదే. కానీ కరెంటు ధర ఒక యంత్రానికి పెరిగి, ఇంకో యంత్రానికి తగ్గదు కదా! రెండూ ఒకే మీటరు మీద నడుస్తాయి. ధర 30 శాతం పెరిగిన లోకంలో రెండో యంత్రం 25 యూనిట్లు ముందుంటుంది. 30 శాతం తగ్గిన లోకంలో కూడా ఒకటిన్నర యూనిట్ ముందే ఉంటుంది. అంటే ఆ మొత్తం పరిధిలో ఎక్కడ నిలబడి చూసినా గెలిచేది రెండోదే. పట్టీలు కలిసిపోయాయి, నిర్ణయం మాత్రం చెక్కుచెదరలేదు.

కాబట్టి మీ స్ప్రెడ్‌షీట్‌లో మొట్టమొదట చేయాల్సిన మార్పు ఇది. రెండు డిజైన్లకీ విడివిడిగా యాదృచ్ఛిక అంకెలు తీయకండి. కరెంటు ధర, వాడే గంటలు, వాతావరణం, కరెంటు తయారీలో వచ్చే ఉద్గారాలు లాంటి ఉమ్మడి సంగతులకి ఒక్కసారే అంకె తీసి, దాన్నే రెండు డిజైన్లలోనూ పెట్టండి. తేడాని ఒక వరసలో రాసుకోండి. ఇలా 10,000 సార్లు తిప్పి, ఎన్నిసార్లు ఏది గెలిచిందో, గెలిచినప్పుడు ఎంత తేడాతో గెలిచిందో చూడండి. మాంటే కార్లో అంటే ఇంతే. 1946లో జబ్బుపడి కోలుకుంటూ పేకముక్కలతో సాలిటైర్ ఆడుతున్న గణితవేత్త స్టానిస్లా ఉలమ్‌కి, గెలిచే అవకాశాన్ని సూత్రాలతో కట్టే బదులు వందసార్లు ఆడి లెక్కపెడితే సరిపోతుంది కదా అని తట్టిన ఊహే తర్వాత ఈ పద్ధతి అయింది. ఉమ్మడి అంకెల సంగతి మరిస్తే ఎన్ని వేలసార్లు తిప్పినా మళ్లీ ఆ పట్టీల బొమ్మే వస్తుంది.

ఎంత శాతం గెలిచిందన్న అంకె ఒక్కటే చూసి ఆగిపోకండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఒక్కో యూనిట్ తేడాతో గెలిచి, మిగతా ఒక్కసారి ముప్పై యూనిట్లు పోగొట్టే డిజైన్ ఉంటుంది. గెలుపు శాతం 90 కనబడుతుంది, కానీ సగటున అది నష్టమే.

ఇక తేడాని తిరగేసే సంగతుల దగ్గరికి వద్దాం. పై లెక్కలో కరెంటు ధర నిర్ణయాన్ని మార్చలేకపోయింది. ఇప్పుడు రెండో యంత్రం 20 ఏళ్లు కాక 15 ఏళ్లే నడుస్తుందనుకోండి. 15వ ఏట, 30వ ఏట మార్చాలి. 40వ ఏట మిగిలిన ఆయుష్షుకి విలువ కట్టి తీసేసినా దాని నేటి విలువ 370కి చేరుతుంది. మొదటి యంత్రం 26 యూనిట్లు చవకైపోతుంది. ఎక్కడ తిరుగుతుందో వెతికితే సరిగ్గా 18 ఏళ్ల దగ్గర: అక్కడ రెండోది 344.2, మొదటిది 343.6. అంటే మీరు నెలల తరబడి కరెంటు ధరల అంచనాలు సేకరించినా ఈ నిర్ణయానికి ఒరిగేదేం లేదు. "ఆ ఖరీదైన యంత్రం 18 ఏళ్లు దాటుతుందా?" అన్న ఒక్క ప్రశ్నకి జవాబు దొరికితే చాలు. ప్రతి అనిశ్చితికీ సమానంగా భయపడే బదులు, ఇలా తిరిగే చోటుని ముందు పట్టుకోండి.

ఆయుష్షు గురించి నాకు జరిగింది ఒకటి చెప్పాలి. సముద్రపు గాలి తగిలే చోట కట్టిన ఒక భవనానికి నేనే ఈ లెక్క చేశాను. కేటలాగులో 20 ఏళ్లని ఉంటే 20 ఏళ్లే పెట్టాను. తొమ్మిదో ఏట పిలిస్తే వెళ్లి చూశాను. టెర్రస్ మీది యంత్రం పక్క ప్యానెల్ విప్పి, కాయిల్ మీది అల్యూమినియం రేకుల్ని బొటనవేలితో తాకితే తెల్లటి పొడై రాలిపోయాయి. కొన్నిచోట్ల కింద రాగి గొట్టం కనబడుతోంది. ఎన్నాళ్లకోసారి కడుగుతారని అక్కడి మెయింటెనెన్స్ మనిషిని అడిగాను. "టెర్రస్ మీద కుళాయి లేదు సార్, బకెట్లతో ఎన్నని మోస్తాం" అన్నాడు. కాయిల్‌ని కడుగుతూ ఉండాలన్న షరతు మీదే కేటలాగులోని 20 ఏళ్లు నిలబడి ఉన్నాయి. ఆ కడగడానికి కావాల్సిన కుళాయి మా డ్రాయింగుల్లోనే లేదు.

అందులో ఇంకో దెబ్బ కూడా ఉంది. రేకులు పోయి గొట్టాలకి చిల్లులు పడితే లోపలి గ్యాసు కారుతుంది. ఆర్-410ఏ అనే గ్యాసు ఒక కిలో గాల్లో కలిస్తే, 100 ఏళ్ల లెక్కలో సుమారు 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. పది కిలోలు కారితే దాదాపు 21 టన్నులు. ఆర్-32 అయితే ఇదే అంకె కిలోకి 675. ఖర్చుని ఒకరు, కార్బన్‌ని ఇంకొకరు వేరువేరు ఫైళ్లలో లెక్క కడితే ఈ సంబంధం ఎవరికీ కనబడదు. యంత్రం తొందరగా పాడైన లోకంలో ఖర్చూ పెరుగుతుంది, ఉద్గారాలూ పెరుగుతాయి. రెండు లెక్కలకీ ఒకే ఆయుష్షు, ఒకే వాడకం, ఒకే మరమ్మతుల జాబితా ఉండాలి. మీరు రెండు ఫైళ్లు వాడుతున్నట్టయితే ఇవాళే కలిపేయండి.

డిస్కౌంట్ రేటు విషయంలో ఒక మామూలు పొరపాటుంది, ముందు అది సరిచూసుకోండి. బ్యాంకు చెప్పే రేటులో ద్రవ్యోల్బణం కలిసే ఉంటుంది. ఖర్చుల్ని నేటి ధరల్లో రాసి, ఆ రేటుతో డిస్కౌంట్ చేస్తే భవిష్యత్తుని రెండుసార్లు కోసినట్టు. బ్యాంకు రేటు 8 శాతం, ద్రవ్యోల్బణం 5 శాతం అయితే అసలు రేటు 2.9 శాతానికి దగ్గర. ఏడాదికి 10 యూనిట్ల ఖర్చు 40 ఏళ్లకి 8 శాతంతో 119గా కనబడుతుంది, సరైన రేటుతో 237. సగానికి సగం మాయమైపోతుంది! నేను చూసిన లెక్కల్లో నడిపే ఖర్చు మరీ తక్కువగా కనబడిన ప్రతిసారీ ముందు ఇదే వెతికాను, చాలాసార్లు ఇదే దొరికింది.

అది సరిచేశాక కూడా రేటు ఎంతన్న ప్రశ్న మిగులుతుంది. 50 ఏళ్ల తర్వాతి 100 యూనిట్లు 3 శాతంతో నేడు 22.8, 8 శాతంతో 2.1. మొదటి రేటుతో భవనం చివరి రోజులు లెక్కలో ఉంటాయి, రెండోదానితో ఉండవు. కొందరు దీన్ని కూడా మాంటే కార్లోలో పడేసి, 3 నుంచి 8 దాకా యాదృచ్ఛికంగా తీస్తారు. అది చేయకండి. రేపటి కరెంటు ధర మనకి తెలియని విషయం, కాలం గడిస్తే తెలుస్తుంది. డిస్కౌంట్ రేటు అలాంటిది కాదు, రేపటివాళ్లకి మనం ఎంత విలువ ఇస్తామన్న నిర్ణయం. వాతావరణ మార్పు ఖర్చు మీద 2006లో ఆర్థికవేత్త నికొలస్ స్టెర్న్ నివేదిక వచ్చినప్పుడు మరో ఆర్థికవేత్త విలియం నోర్డ్‌హాస్‌తో నడిచిన వాదమంతా ప్రధానంగా దీని చుట్టూనే తిరిగింది. స్టెర్న్ వాడిన రేటు దాదాపు 1.4 శాతం. ఇద్దరూ అదే శాస్త్రం చదివినవాళ్లు, తేలిన జవాబులు మాత్రం చాలా దూరం. కాబట్టి తక్కువ రేటుతో ఒక ఫలితం, ఎక్కువ రేటుతో ఒక ఫలితం పక్కపక్కన పెట్టి, ఎంచుకునే పని యజమానికే వదలండి. ఆ ఎంపికని సగటులో దాచేసే హక్కు మనకి లేదని నా గట్టి అభిప్రాయం.

కార్బన్ వైపు వద్దాం. ఇక్కడ భవనం జీవితాన్ని ఈఎన్ 15978 అనే యూరోపియన్ ప్రమాణం దశలుగా విడదీసింది: సరుకు తయారీ, రవాణా, కట్టడం 'ఏ' (A) వరసలో, వాడకం, మరమ్మతులు, మార్పిడులు, కరెంటు, నీళ్లు బీ వరసలో, కూల్చడం సీ వరసలో. ఖర్చు లెక్కకి ఐఎస్ఓ 15686-5 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దశల పేర్లు బట్టీ పట్టనక్కర్లేదు కానీ ఒక్కటి గమనించండి. 'ఏ' వరస ఉద్గారాలు భవనంలో మొదటి మనిషి అడుగుపెట్టేలోపే గాల్లో కలిసిపోయి ఉంటాయి. బీ వరసవి దశాబ్దాల మీద పరుచుకున్న ఊహ. రెండింటినీ ఒకే అంకెలో కలిపేటప్పుడు ఒకటి జరిగిపోయేదనీ, ఇంకోటి జరగొచ్చనీ మరిచిపోతాం.

ఈ 'ఏ' వరసలో కూడా అనిశ్చితి అంతా ఒకే రకం కాదు. సిమెంటుకి సున్నపురాయి కాలుస్తారు. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ రాయిలోంచే బయటికొస్తుంది. అది రసాయనం, కొలిమికి ఏ ఇంధనం వాడినా అంతే. దానిమీద ఇంధనం వల్ల వచ్చేది ఫ్యాక్టరీని బట్టి మారుతుంది. ఇక కాంక్రీటులో క్లింకర్ (కొలిమిలో కాల్చిన సిమెంటు గడ్డలు) ఎంత, దాని బదులు వేసే స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం) ఎంత, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఎంత అన్నది మీ చేతిలోనే ఉంటుంది. ఇది తెలియని సంగతి కాదు, ఇంకా తేల్చుకోని సంగతి. దీనికి అటూ ఇటూ 30 శాతం పెట్టి ఊరుకోవడం కంటే స్ట్రక్చరల్ ఇంజనీర్ దగ్గర కూర్చుని, "28 రోజులకి రావాల్సిన బలం 56 రోజులకి వస్తే ఏ పునాదులకి ఇబ్బంది ఉండదు?" అని అడగండి. స్లాగ్, ఫ్లైయాష్ పెరిగితే కాంక్రీటు నెమ్మదిగా గట్టిపడుతుంది. స్లాబుల్లో సెంట్రింగ్ తొందరగా విప్పాలి కాబట్టి కుదరకపోవచ్చు. పునాదులకి, బేస్‌మెంట్ గోడలకి ఆ తొందర చాలాసార్లు ఉండదు. ఒక పూట మాట్లాడితే తగ్గే అనిశ్చితిని గణాంకాలకి అప్పగించకండి.

ఉక్కుదీ అదే కథ. ఖనిజం నుంచి బ్లాస్ట్ ఫర్నేసులో తీసిన టన్ను ఉక్కుకి రెండు టన్నుల పైన ఉద్గారాలు వస్తాయి. తుక్కుని కరెంటు కొలిమిలో కరిగిస్తే అందులో కొంత భాగమే. ఏది వస్తుందో టెండరు పత్రంలో రాయించుకోవచ్చు.

నిజంగా మన చేతిలో లేనిది కరెంటు ఎప్పటికి శుభ్రమవుతుందన్నది. ఉదాహరణకి భవనం కరెంటు వాడకం వల్ల చదరపు మీటరుకి ఏడాదికి 20 కిలోల ఉద్గారాలు అనుకోండి. కరెంటు తయారీ ఇప్పటిలాగే ఉంటే 50 ఏళ్లలో 1,000 కిలోలు. 30 ఏళ్లలో సమానంగా తగ్గుతూ సున్నాకి చేరితే 300 కిలోలే. కట్టడానికైన ఉద్గారాలు 500 కిలోలైతే, మొదటి లోకంలో కరెంటే పెద్ద సమస్య, రెండో లోకంలో కాంక్రీటు, ఉక్కు పెద్ద సమస్య. డిజైన్‌లో దేనిమీద శ్రద్ధ పెట్టాలన్నదే మారిపోతుంది.

అదనపు ఇన్సులేషన్ తీసుకోండి. దాన్ని తయారు చేసి అమర్చడానికి చదరపు మీటరుకి 20 కిలోల ఉద్గారాలు అవుతాయని, మొదటి ఏడాది ఒక కిలో ఆదా చేస్తుందని అనుకుందాం. కరెంటు మారని లోకంలో 50 కిలోలు ఆదా, నికరంగా 30 కిలోల లాభం. కరెంటు 30 ఏళ్లలో శుభ్రమయ్యే లోకంలో ఆదా 15 కిలోలే, నికరంగా 5 కిలోల నష్టం. ఈ రెండు లోకాల్లో ఏదొస్తుందో సంభావ్యత కట్టమంటే నేను కట్టలేను. అది ప్రభుత్వాలు, పెట్టుబడులు, సాంకేతికత తేల్చేది. పాచికలాట అనిశ్చితి వేరు, సంభావ్యత కట్టడానికే ఆధారం లేని అనిశ్చితి వేరు అని ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ 1921లోనే గీత గీశారు. రెండో రకానికి మాంటే కార్లో నప్పదు.

ఇలాంటి చోట గణాంకవేత్త లెనార్డ్ సావేజ్ 1951లో చెప్పిన పశ్చాత్తాపం లెక్క నాకు బాగా పనికొస్తోంది. ప్రతి లోకంలోనూ నా ఎంపిక వల్ల, అక్కడ దొరికే మేలైన ఎంపికతో పోలిస్తే ఎంత పోగొట్టుకుంటానో చూడాలి. ఇన్సులేషన్ వేశాను, కరెంటు శుభ్రమైపోయింది, 5 కిలోలు పోయాయి. వేయలేదు, కరెంటు మారలేదు, 30 కిలోలు పోయాయి. సంభావ్యతల ఊసు లేకుండానే వేయడం మేలని తెలుస్తోంది. మీ అంకెలతో వేస్తే తలకిందులుగా కూడా రావచ్చు, ముఖ్యంగా గోడలో ఇప్పటికే మందమైన ఇన్సులేషన్ ఉంటే. మొదటి 50 మిల్లీమీటర్లు ఆపినంత వేడిని తర్వాతి 50 మిల్లీమీటర్లు ఆపవు. మందం రెట్టింపైతే గోడ గుండా పోయే వేడి సగమవుతుంది, ఆ సగాన్ని మళ్లీ సగం చేయాలంటే ఇంకో 100 మిల్లీమీటర్లు కావాలి. అందుకే "ఇన్సులేషన్ మంచిదా కాదా" అన్న చర్చ కంటే "ఏ మందం దగ్గర ఆగాలి" అన్న చర్చే పనికొచ్చేది.

ఎన్నేళ్లు చూడాలన్నది కూడా ఎంపికే. డెన్మార్క్ 2023 జనవరి నుంచి 1,000 చదరపు మీటర్లు దాటిన కొత్త భవనాలకి చదరపు మీటరుకి ఏడాదికి 12 కిలోల పరిమితి పెట్టినప్పుడు లెక్క కాలం 50 ఏళ్లు. బ్రిటన్‌లోని సర్వేయర్ల సంస్థ ఆర్ఐసీఎస్ పద్ధతిలో 60. కట్టడానికైన 300 కిలోలు 50తో భాగిస్తే ఏడాదికి 6, 60తో భాగిస్తే 5. భవనం మారలేదు, గాల్లోకి పోయిందీ మారలేదు. అందుకే నేను ఎప్పుడూ కట్టే ఉద్గారాల్ని భాగించకుండా విడిగా కూడా చూపిస్తాను. ఫ్రాన్స్ 2022లో తెచ్చిన ఆర్ఈ2020 నియమం ఇంకో అడుగు ముందుకేసి, ముందు వెలువడే ఉద్గారాలకి ఎక్కువ బరువు, తర్వాత వెలువడేవాటికి తక్కువ బరువు ఇస్తుంది. దానిమీద విమర్శలున్నాయి, కానీ కాలాన్ని దాచకుండా లెక్కలోకి తెచ్చింది.

కూల్చాక ఉక్కు, చెక్క మళ్లీ వాడతారు కాబట్టి దానికి ముందే మార్కులు వేసుకునే డీ వరస ఒకటుంది. దాన్ని మొత్తంలో కలపకండి, ప్రమాణం కూడా విడిగానే చూపమంటుంది. తుక్కుతో చేసిన ఉక్కు కొని ఒకసారి, చివర్లో తుక్కు ఇచ్చి ఇంకోసారి లాభం రాసుకున్న నివేదికలు నా దగ్గరికి వచ్చాయి.

డేటా నాణ్యత గురించి మీరు విడిగా అడిగారు, అన్నింటికీ ఒకే 30 శాతం ఎందుకు కూడదని. ప్రతి అంకెనీ ఐదు ప్రశ్నలు అడిగే పద్ధతి 1996 నుంచి ఉంది: కొలిచిందా, ఊహించిందా? ఎంతమంది తయారీదారుల నుంచి తీసింది? ఎన్నేళ్ల నాటిది? మన ప్రాంతానిదా? మనం వాడే సరుకుదేనా, దాన్ని పోలినదా? జవాబుని బట్టి 1 నుంచి 5 దాకా మార్కులు. మార్కు చెడే కొద్దీ పరిధిని వెడల్పు చేస్తారు. మరీ లోతుకి పోకండి. డిజైన్ మొదట్లో అయితే ఇంకా సులువు. అప్పటికి గోడ "ఏదో ఇటుక గోడ" అనే తెలుసు. అలాగే పెట్టండి, ఇటుకల్లో అతి తక్కువ ఉద్గారాల దాని నుంచి అతి ఎక్కువ దాని దాకా మొత్తం పరిధి ఇవ్వండి. ఓసారి తిప్పితే ఫలితంలోని ఊగిసలాటలో ఎక్కువ భాగం కొద్ది సంగతుల నుంచే వస్తోందని తెలుస్తుంది. నా అనుభవంలో అవి తరచూ స్తంభాల మధ్య దూరం, బేస్‌మెంట్ల సంఖ్య, అద్దాల వైశాల్యం, వాడే గంటలు. వాటినే బిగించండి. తలుపుల హ్యాండిళ్ల ఉద్గారాల కోసం వారం వెచ్చించిన జట్టుని చూశాను, ఆ వారంలో ఒక బేస్‌మెంట్ తగ్గించే అవకాశం చేజారింది.

వాడే గంటల గురించి ఒక మాట. డిజైన్‌లో ఊహించిన కరెంటుకీ మీటరు మీద వచ్చినదానికీ పొంతన లేకపోవడం మామూలు. సాయంత్రం ఆరింటికి ఆగాల్సిన యంత్రాలు రాత్రంతా నడుస్తుంటే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని ఊహించదు. అందుకే కొలిచిన భవనాల బిల్లులు దొరికితే సిమ్యులేషన్ కంటే వాటినే ముందు నమ్ముతాను.

ఇంతా చేశాక కూడా కొన్ని సంగతులు తేలవు. అక్కడ లెక్క పెంచడం కంటే భవనానికి మనసు మార్చుకునే వీలు కల్పించడం మంచిది. భవనాల్ని కూల్చేసేది చాలాసార్లు స్తంభాలు పాడైపోయి కాదు. అంతస్తు ఎత్తు చాలక, గోడలు జరపలేక, కొత్త పైపులకి దారి లేక కూల్చేస్తారు. ఒక భవనంలో పాత యంత్రం తీసి కొత్తది పెట్టాలంటే తలుపులోంచి పట్టలేదు. ముందుది పెట్టాకే ఆ గోడ కట్టారట! గోడ పగలగొట్టి, యంత్రం మార్చి, మళ్లీ కట్టారు. మార్చే ఖర్చులో యంత్రం ధర ఒక్కటే రాసుకున్న లెక్కకి అక్కడే గండి పడింది. తీసి పెట్టగల ప్యానెల్, కాస్త వెడల్పైన షాఫ్ట్, రేపు సోలార్ పలకలు మోయగల టెర్రస్: వీటికి ఇవాళ అయ్యేది తక్కువ. వీటి విలువ ఒక్క భవిష్యత్తుని ఊహించి చేసిన లెక్కలో సున్నాగా కనబడుతుంది, పది భవిష్యత్తులు పెట్టి చూస్తేనే బయటపడుతుంది.

యజమానికి ఇచ్చేది ఒక్క పేజీ చాలు. పైన తేడా: రెండో డిజైన్ సగటున ఇంత చవక, ఇన్ని ఉద్గారాలు తక్కువ, పదివేల సార్లలో ఇన్నిసార్లు గెలిచింది, ఓడినప్పుడు పోయేది ఇంత. దాని కింద తిరిగే చోట్లు మామూలు మాటల్లో: "యంత్రం 18 ఏళ్లకి ముందే పాడైతే ఈ సలహా చెల్లదు." ఆ కింద తక్కువ, ఎక్కువ డిస్కౌంట్ రేట్లతో ఫలితాలు, కరెంటు రెండు లోకాలు. దశాంశాలు వద్దు, 343.57 అని రాస్తే మనకి లేని ఖచ్చితత్వాన్ని అమ్మినట్టవుతుంది. ఖర్చులో ఒకటి, కార్బన్‌లో ఇంకోటి గెలిస్తే రెండింటినీ కలిపి ఒక మార్కు చేయకండి. ఒక టన్ను ఉద్గారం తగ్గించడానికి ఎంత అదనంగా కడుతున్నారో చెప్పండి, అది వాళ్లు మరో పెట్టుబడితో పోల్చుకోగలరు.

ఈ వారంలో మీరు చేయాల్సినవి మూడు కనబడుతున్నాయి. మొదటిది, ఉమ్మడి అంకెలు రెండు డిజైన్లకీ ఒకేలా పెట్టి తేడాని మళ్లీ తిప్పండి. రెండోది, డిస్కౌంట్ రేటులో ద్రవ్యోల్బణం కలిసి ఉందేమో చూడండి. మూడోది, మీ ఖరీదైన యంత్రం అదే రకం గాలిలో, అదే రకం నీటితో నడుస్తున్న పాత భవనం ఒకటి వెతికి, ఎన్నో ఏట మార్చారో అక్కడ పనిచేసే మనిషినే అడగండి. తర్వాత మీ డ్రాయింగులో టెర్రస్ తీసి, ఆ యంత్రం పక్కన కుళాయి ఉందో లేదో చూడండి.